కోట బావి ఒక్కటి తప్ప

ఏ రాజ్యమో మా అమ్మమ్మ కూడా చెప్పలేదు. అక్కడి రాజుగారికి బావులు చూసే కొలువువాళ్లంతా దండగనిపించారు. పూడిక తీసి, సున్నం వేసి, నీళ్లు చెడకుండా కాచే ఆ మనుషులందరినీ ఇళ్లకు పంపేసి, ఊరి బావులన్నీ కామయ్య అనే వర్తకుడికి గుత్తకిచ్చేశారు. తాము తాగే కోట బావిని మాత్రం ఇవ్వలేదు. దానికి పాత మనిషి పైడమ్మనే ఉంచుకున్నారు.

వానలు పడ్డాయి. కామయ్య ఒక్క బావిలోనూ పూడిక తీయించలేదు. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పైడమ్మ గంగమ్మకు దండం పెట్టుకుని వీధి వీధికీ వెళ్లి, "బిందెలు పట్టుకుని కోట బావికి రండమ్మా" అని చెప్పింది. తెల్లారేసరికి కోట గుమ్మం నిండా జనమే.

రాజుగారు మండిపడ్డారు. "ఏమే, వీళ్లను ఇక్కడికి రమ్మన్నదెవరు?"

"తమరే ప్రభూ! ఏ నీళ్లు తాగొచ్చో వీళ్లకెలా తెలుస్తుంది? తమరు గుత్తకివ్వని బావి ఏదో చూసుకుని వచ్చారు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నీరసించిన బిడ్డను ఎత్తుకున్న తల్లి నవ్వలేదు.

"ఈ బావి చుట్టూ రేపే గోడ లేపండి! బయటివాళ్లు ఒక్కరూ రాకూడదు" అన్నారు రాజుగారు.

పైడమ్మ చేతులు జోడించింది. "చిత్తం. ఆ గోడ పని కూడా కామయ్యగారికే ఇస్తారా, లేక తమ సొంత మేస్త్రీల చేత కట్టిస్తారా, ప్రభూ?"

రాజుగారు ఆ గోడను సొంత మేస్త్రీల చేతే కట్టించారు. అది ఇన్నేళ్లకీ చెక్కుచెదరలేదట.