మంచానికో పాలు

గంగాడపాలెం అనే చేపలవేట ఊళ్లో ఎర్రయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. మనసు మంచిదే గానీ, నలుగురి చేత శభాష్ అనిపించుకోకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆ ఊరివాళ్లు ఆరోగ్య నిధి ఒకటి పెట్టుకున్నారు. గడపకు నెలకో వంద కట్టాలి. ఎవరికి పెద్ద జబ్బు చేసినా ఆసుపత్రి ఖర్చు నిధి భరిస్తుంది. దానికి పెద్ద ఎర్రయ్య. లెక్కలు చూసేది ఆయన మరదలు నూకాలు, ఎండుచేపలమ్మే గట్టి మనిషి. గంగమ్మతల్లి చల్లని చూపు వల్ల రెండేళ్లపాటు ఊళ్లో ఎవరూ మంచాన పడలేదు. నిధిలో రెండున్నర లక్షలు పోగయ్యాయి.

ఇక్కడే ఉంది తమాషా! వేటకెళ్లేవాళ్లకు ఒక అలవాటుంది. పడ్డ చేపను వల ఆరకముందే ఒడ్డున పాళ్లు వేసి పంచేసుకుంటారు. దాచితే కుళ్లిపోతుంది మరి. ఎర్రయ్యకు డబ్బు కూడా చేపలాగే కనిపించింది.

"జబ్బుల్లేవు, సొమ్ము మిగిలింది. పంచేద్దాం! గడపకు రెండు వేల మూడొందలు!" అన్నాడు సమావేశంలో.

ఈలలు, చప్పట్లు!

"ఏటి బావా, మతిగానీ పోయిందా?" అని లేచింది నూకాలు. "అది మిగిలిన సొమ్ము కాదు, ఇంకా రాని జబ్బు సొమ్ము. ఒక్కసారే పదిమంది పడితే ఏటి చేస్తావు?"

"పదిమందీ కూడబలుక్కుని పడతారేటే? నీ నోట మంచిమాట రాదు కదా!" అన్నాడు ఎర్రయ్య.

జనం పగలబడి నవ్వారు. పంపకం అయిపోయింది. "ఎర్రయ్యంటే ఎర్రయ్యే!" అన్నారు. నిధిలో పదివేలు మిగిలాయి.

నెల తిరిగేసరికి వానలు పట్టుకున్నాయి. గుంటల్లో నీళ్లు నిలిచాయి, దోమలు ముసిరాయి, డెంగీ వచ్చిపడింది. మొదటి మనిషికే పదివేలూ చెల్లిపోయాయి. రెండు వారాల్లో తొమ్మిదిమంది! కొందరు చెవిపోగులు కుదువపెట్టారు, కొందరు వడ్డీకి తెచ్చారు. తొమ్మిదో మనిషి ఎర్రయ్య భార్య పోలమ్మ.

"రక్తకణాలు పడిపోతున్నాయి. వెంటనే పట్నం ఆసుపత్రిలో చేర్చాలి. నలభై వేలు చూసుకోండి" అన్నాడు డాక్టరు.

ఎర్రయ్య చేతిలో నాలుగు వేలు లేవు. తల్లీ గంగమ్మా అంటూ ఒడ్డుకు పరుగెత్తాడు. అప్పుడే పడవలు దిగుతున్నాయి. ఒకటి కాదు రెండు కాదు, నాలుగు పడవల నిండా మంచి ధర పలికే కోనాం చేప! జనం కేరింతలు కొడుతూ పాళ్లు వేస్తున్నారు. వాళ్లను అడుగుదామంటే, నిధిని పంచేసింది తనే కదా! ఎర్రయ్య దూరంగానే ఆగిపోయాడు.

నూకాలు ఆయన మొహం చూసింది. కొంగు బిగించి గుంపు మధ్యకు దూసుకెళ్లింది.

"ఆగండర్రా! పడవకో పాలు తీశారు, వలకో పాలు తీశారు. పడవేమన్నా కూడు తింటుందా? రేపు చెక్క పగిలితే బాగు చేయడానికి కదా! మరి మనిషి పడిపోతే? మంచానికి పాలేదర్రా?"

అప్పలసూరి అనే ముసలాయన తన పాలులోంచి పెద్ద కోనాన్ని ఎత్తి నూకాలు గంపలో వేశాడు. "ఇదిగోనమ్మా, మంచం పాలు!" అన్నాడు. అంతే! అటునుంచి ఒకటి, ఇటునుంచి రెండు, దబదబా చేపలు పడ్డాయి. గంపలు నిండాయి. వేలం పాటలో లక్షా పదివేలు పలికింది!

ఎర్రయ్య చేతులు జోడించాడు. "శభాష్ కోసం మీ మందులు పంచిపెట్టేశాను. తప్పు నాదే" అన్నాడు.

"ఏడుపు తర్వాత బావా, ముందు ఆటో ఎక్కు!" అంది నూకాలు.

పోలమ్మ బతికింది. మిగతావాళ్లూ కోలుకున్నారు. ఆనాటి నుంచి ప్రతి వేటలో మంచానికో పాలు తీసి నిధిలో వేశారు. ఒక ఊరి జ్వరం నిధిని ఊడ్చేయకుండా పక్క మూడు ఊళ్లనూ అందులో కలుపుకున్నారు.

కాబట్టి బిడ్డలారా, అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజున నిధిలో ఉన్న సొమ్ము మిగులు కాదు. అది రేపు మంచాన పడబోయేవాడిది, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.