మిరియాలు మింగిన కుంచం

ఒకానొక రాజ్యంలో ఓబులేశు అనే పడుచువాడు మొలకు పదకొండు రూకలు కట్టుకుని, కొలువు వెతుక్కుంటూ రేవుపట్నం చేరాడు. లెక్కలంటే అతనికి తిండి కన్నా ఇష్టం.

ఊరంతా గగ్గోలుగా ఉంది. మన రేవు చిట్టాలో ఓడకెత్తిన మిరియాలు వెయ్యి కుంచాలు. తొలిసారిగా తెప్పించి చూస్తే, సముద్రం అవతలి దేశపు చిట్టాలో దిగినవి ఎనిమిది వందలే.

"తక్కిన రెండు వందలూ ఓడ సరంగు పోలయ్య మింగాడు. పౌర్ణమినాడు వాడి చెయ్యి నరకండి!" అన్నాడు ప్రచండసేన మహారాజు.

ఓబులేశు మన రేవు పాత చిట్టాల లెక్కలు రాసుకుని, రానుపోను తొమ్మిది రూకలిచ్చి పడవెక్కాడు. అవతలి రేవులో పదేళ్ల చిట్టాలు తిరగేసి, మనవాటితో పోల్చాడు. ఏ సరంగు తోలిన ఓడైనా సరే, ప్రతిసారీ అయిదింట ఒకటి తక్కువ!

'ఇంతమంది దొంగలు ఇంత కచ్చితంగా దొంగిలిస్తారా?' అనుకుని, అక్కడివాళ్లు కొలిచే తీరు చూసి, పౌర్ణమినాటికి సభలో వాలాడు.

"ప్రభూ, రెండు చిట్టాలూ నిజమే."

"మాది నిజమైతే వాళ్లది అబద్ధంరా, వెర్రివాడా!"

"ఏలినవారు ఒక్క గడియ వర్తకులై నాకు పది కుంచాల మిరియాలు అమ్మండి. తేలిపోతుంది."

రాజుకు సరదా పుట్టింది. మన రేవు ఆచారం ప్రకారం కుంచం నింపి, కర్రతో అంచుకు సమంగా గీసి, పది కొలిచాడు.

"ఇప్పుడవే నా దగ్గర కొనండి. అవతలి దేశంలో కొనేవాడే కొలుచుకుంటాడు, కుంచం మీద గోపురంలా నిలిచినంత పోసుకుంటాడు."

రాజు ఉత్సాహంగా గింజలు జారేదాకా పోశాడు. ఎనిమిదో కుంచంతో రాశి ఖాళీ!

"తక్కిన రెండూ ఏవిరా?" అని రాజు గద్దించాడు.

"నేనూ అదే వెతుకుతున్నాను ప్రభూ. కొలిచింది తమరే. ఇంతకీ నరకాల్సింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

రాజు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత సింహాసనం అదిరేలా నవ్వాడు.

"సరంగును విడవండి! ఓబులేశూ, ఇదిగో కంకణం. ఇంకా పదిహేడు దేశాల చిట్టాలున్నాయి. అన్నిటినీ సరిపోల్చే కొలువు నీదే."

మర్నాడు పోలయ్య తెరచాప ఎత్తుతుంటే ఓబులేశు కుంచం చంకన పెట్టుకుని ఓడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మామా, ఈసారి ఏ రేవు?"

"ఏలకుల దీవి. అక్కడ కుంచాలుండవు నాయనా, దోసిళ్లతో కొలుస్తారు."

"ఎవరి దోసిలి?" అంటూ ఓబులేశు నిచ్చెన మీద కాలు పెట్టాడు.