బుచ్చిరాములు బొగ్గుగీతలు

మా గురువు అనంతదాసుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే లేచి చెప్పులు వేసుకుంటారు, జవాబు ఊళ్ళో ఎక్కడో ఉన్నట్టు. ఎండాకాలంలో ఆ అలవాటు మాకెంత కష్టమో ఆయనకు పట్టదు.

ఆ ఆదివారం పొద్దున అడిగింది హైస్కూల్లో లెక్కల సారు పురుషోత్తం. "గురువుగారూ, ధ్యానంలో మొదట్లో పావుగంట కూడా కూర్చోలేకపోయేవాణ్ణి. ఇప్పుడు గంటన్నర. ఫోన్లో టైం పెట్టి మరీ చూస్తున్న. కాని కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఇంకో అరగంట పెంచమంటారా?"

మనిషి మంచివాడే. గంటన్నర అన్నప్పుడు మాత్రం మా అందరి వైపూ ఒకసారి చూశాడు. గురువుగారు చెప్పులు వేసుకున్నారు. పురుషోత్తమూ నేనూ వెనకాల నడిచాం.

వెళ్ళింది కల్లుగీత కార్మికుడు బుచ్చిరాములు ఇంటికి. ఏడు నెలల కింద అతనికి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా భార్య అండాలు సాయం కావాల్సిందే. మొదట్లో ఎవరో మాలిష్ చేస్తానని చేయి గుంజితే ప్రాణం పోయినంత పనైంది. తర్వాత పట్నం డాక్టరు చూసి, ఇది ఫ్రోజెన్ షోల్డర్, షుగరున్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది, గుంజితే వదలదు, అట్లాగని కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది, ఏడాదో ఏడాదిన్నరో ఓపిక పట్టమన్నాడు. రోజూ వేడినీళ్ళ కాపడం, ముందుకు వంగి చేయి వేలాడేసి మెల్లగా ఊపడం, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడ ఎక్కడం. చెట్టెక్కే మనిషికి గోడెక్కే పని చెప్పారని ఊరంతా నవ్వింది. బుచ్చిరాములు నవ్వలేదు. తాడిచెట్టు ఎక్కేవాడు నడుముకున్న మోకును రెండు చేతులతో పైకి జరుపుకుంటూ పోవాలి. సగం చెట్టు మీద ఒక చేయి మొరాయించిందంటే ఇక అంతే సంగతులు.

"రేపు సోమవారం చెట్టెక్కుతున్న సామీ! గోడ జూడుండ్రి," అన్నాడు మమ్మల్ని చూడగానే.

గోడ మీద వేళ్ళు అందిన చోటల్లా, వారానికొకటి చొప్పున బొగ్గుగీతలు. ఒకదాని మీద ఒకటి, పైపైకి. పురుషోత్తం వాటిని ముచ్చటగా చూశాడు. మోకు అప్పటికే బయటికి తీసి గడప పక్కన పెట్టి ఉంది.

"భలే ఉన్నయి. ఏదీ, ఒకసారి ఎక్కు," అని గురువుగారు నేల మీద కూర్చున్నారు.

బుచ్చిరాములు వేళ్ళు గోడ మీద పాకుతూ పోయి పై గీతను తాకాయి. పురుషోత్తం "శభాష్!" అన్నాడు. మేమిద్దరం వేళ్ళనే చూస్తున్నాం. గురువుగారు అటు చూడనే లేదు.

"రాములూ, మడమలు దించు."

అప్పుడు చూశాం. మనిషి మునివేళ్ళ మీద నిలబడి, నడుము ఒక పక్కకు వంచి ఉన్నాడు. మడమలు నేలకు ఆనగానే చేయి జారింది, నొప్పికి మొహం ముడుచుకుపోయింది. వేళ్ళు పై గీతకు జానెడు కింద ఆగాయి.

"కావాలని చెయ్యలే సామీ. ఎప్పుడు లేసినయో నాకే తెల్వదు."

"నాకు తెలుసు," అంది అండాలు. "రెండు నెలల సంది లేస్తున్నయి."

"మరి చెప్పవేందే?"

"కొత్త గీత పెట్టిననాడే గదా నువ్వు కడుపునిండ తినేది! ఎట్ల జెప్పాలె? సోమవారం ఎక్కుతనంటివి, మూడు దినాల సంది నాకు కంటి మీద కునుకు లేదు." కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

బుచ్చిరాములు తడిగుడ్డ తెచ్చి, అడుగున ఉన్న మొదటి గీత ఒక్కటి ఉంచి తక్కినవన్నీ తుడిచేశాడు. మళ్ళీ గోడ ముందు నిలబడ్డాడు. గురువుగారు రెండు చేతులతో అతని మడమలు పట్టుకున్నారు.

"అయ్యో సామీ, నా కాళ్ళు ముడ్తరా! పాపం తగుల్తది!"

"తగిలితే తగలనీ. నువ్వు చెయ్యెత్తు."

వేళ్ళు ఆగిన చోట అండాలే గీత గీసింది. అడుగు గీతకు బెత్తెడు పైన ఉంది.

"ఏడు నెలలకు బెత్తెడా?" అన్నాడు బుచ్చిరాములు.

"బెత్తెడైతే బెత్తెడాయె. మనిషివి నా కండ్ల ముంగటున్నవు," అని ఆమె మోకు తీసి అటక మీద పెట్టింది. అతను వద్దనలేదు.

తిరుగుదారిలో సందు చివర పురుషోత్తం ఉండబట్టలేక, "అయితే గురువుగారూ, అరగంట పెంచాలా, తగ్గించాలా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

గురువుగారు నవ్వలేదు. ఆగి అతని భుజం మీద చేయి వేశారు.

"నన్నడుగుతవేంది, పురుషోత్తమా? ఇంటికి పోయి మీ ఆమెనడుగు. నీ మడమలు లేసుడు ఆమె ఎన్నాళ్ళ సంది చూస్తున్నదో."