కుర్చీలోంచి కనబడినంత మేర

ఒరే నందూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. లహరీ, ఆ భుజం మీద కాదమ్మా, నొప్పి, ఇటు పక్కకి రా. ఊఁ కొడుతుంటేనే చెప్తాను. మానేశారా, ఎక్కడికక్కడ ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగనగా ఏడంటే ఏడే ఊళ్ళకి ఒక రాజు. పేరు భూపాలరాజు. ఊళ్ళు ఏడే అయినా మీసాలు మాత్రం డెబ్భై ఊళ్ళ రాజుకి సరిపడా ఉండేవి. ఆయనకి తెలియని విషయం లేదు. అంటే, లేదని ఆయన అనుకునేవాడు, కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పాట బావుందో లేదో పాడేవాడి ఉంగరాలు చూసి చెప్పేవాడు. గుర్రం మంచిదో కాదో దాని జీను చూసి చెప్పేవాడు. ఏదైనా సరే, మెరిస్తే మంచిది, మెరవకపోతే చెడ్డది. అంతే ఆయన లెక్క.

ఆ రాజుకి ఒక కూతురు, రత్నాయమ్మ. తొలి చూలు. శ్రావణంలో పురిటికి వస్తానని అత్తారింటి నుంచి కబురు పెట్టింది. రాజుకి సంతోషమే గాని, దివాణం ఉందే, అది తాతల నాటిది. పురిటిగది మరీ అన్యాయం. వాన పడితే అక్కడో గిన్నె, ఇక్కడో చెంబు, మూలకో గంగాళం పెట్టాలి. పసిగుడ్డుని అందులో ఎలా పడుకోబెడతాం? సరే, గది బాగు చేయిద్దామనుకున్నాడు.

ముందు సోమాలని ముసలి తాపీమేస్త్రిని పిలిచారు. సోమాలు గదంతా తిరిగి, గోడ తట్టి, దూలం మీద గోరు పెట్టి గీకి చూశాడు. పుచ్చిన దూలాలు తీసెయ్యాలి, సున్నం బాగా దంచాలి, మెత్తింది మెత్తినట్టు రోజూ తడపాలి, అది ఆరేదాకా రంగు మాట ఎత్తకూడదు, నెల రోజులు పడుతుంది బాబూ అన్నాడు. రాజు సరేనన్నాడు. వారం తరవాత కుర్చీలో కూర్చుని చూస్తే ఏముంది? గోడంతా తడిగోనెలు, నేలంతా బురద. ఇదేం గోడ, చెరువులోంచి లేచొచ్చిన గేదెలా ఉంది అని సోమాల్ని పంపించేశాడు.

ఊఁ కొడుతున్నారా? ఆఁ, అలా.

అప్పుడు వచ్చాడు గవరయ్య అని ఒక గుత్తేదారు. పట్టు ఉత్తరీయం, నోట్లో తమలపాకులు, చేతికి సున్నం మరక ఒక్కటుంటే ఒట్టు. పదిహేను రోజుల్లో గదిని అద్దం చేసి పెడతాను మహాప్రభో అన్నాడు. రాజు మీసం దువ్వుకున్నాడు.

గవరయ్య పనిలోకి దిగాక మొట్టమొదట ఏం కొలిచాడో తెలుసా? గోడ కాదు, గుమ్మం కాదు. రాజుగారి కుర్చీ ఎక్కడుందో చూశాడు. ఆ రాజు కుర్చీ దిగే రకం కాదు. సావిట్లో ఆ కుర్చీలోంచే రాజ్యమంతా ఏలేవాడు. అక్కణ్ణుంచి చూస్తే పురిటిగదిలో ఎదురుగోడ ఒకటీ, సగం నేలా, తలుపు ముందు భాగమూ కనబడతాయి. గవరయ్య ఆ గోడకి నున్నగా సున్నం పూసి, దాని మీద కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గవ్వతో రుద్ది రుద్ది మెరిపించాడు. ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టలేక ఊరొదిలి పోదామనుకున్నాయట. మిగతా మూడు గోడలకీ ఇసకలో కాస్త సున్నం చూపించాడు. పుచ్చు దూలాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచేసి, వాటి కింద పచ్చివెదురు తడకలు కట్టి, పైపైన మెత్తించేశాడు.

గోడ మీద సున్నం, సున్నం మీద సొన, సొన మీద మెరుగు, మెరుగు మీద రాజుగారి మెప్పు. రాజు మెచ్చాడని మంత్రి మెచ్చాడు, మంత్రి మెచ్చాడని పురోహితుడు మెచ్చాడు, పురోహితుడు మెచ్చాడని వంటవాడు కూడా గరిటె పట్టుకొచ్చి మెచ్చి వెళ్ళాడు. గదిలో అడుగు పెట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ ఇంటి కోడలు సుభద్రాయమ్మ. వాళ్ళ నాన్న సొంత చేతుల్తో ఇల్లు కట్టుకున్నాడు, చిన్నప్పుడు ఆయనతో పాటు ఈవిడా సున్నం తొక్కింది. మామగారూ, ఒకసారి చూసొస్తాను అంది. చూడమ్మా, మొహం కనబడుతుంది అన్నాడు రాజు.

ఆవిడ చెప్పులు విప్పి గదంతా నడిచింది. పాదానికి ఎత్తుపల్లాలు తెలిశాయి. వేలి కణుపుతో నేల కొట్టింది, డొల్లుమంది. దీపం తెచ్చి గోడకి ఆనించి పక్కనుంచి చూసింది, గోడంతా కొండలూ లోయలూ. తలుపు వెనక్కి వెళ్ళి చూస్తే రంగే లేదు, తలుపు మూస్తే పడదు. పక్కనున్న స్నానాలగదిలో చెంబుడు నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు తూము వైపు వెళ్ళకుండా తిన్నగా పురిటిమంచం కిందకి వెళ్ళి కూర్చున్నాయి.

మన మామయ్య కొత్త వంటిల్లు లాగే అనుకోండి. గట్టు మీద నీళ్ళు పడితే పొయ్యి కిందకి పోతాయి, అడిగితే మోడల్ అంటాడు. సరే, అది వేరే కథ.

సుభద్రాయమ్మ గవరయ్యని పిలిచి అడిగింది. నీళ్ళు ఇటెందుకు వస్తున్నాయి అంటే, ఈశాన్యం పల్లంగా ఉండాలి కదమ్మా, వాస్తు అన్నాడు. తలుపెందుకు పడదు అంటే, బాలింతకి గాలి ఆడాలి కదమ్మా అన్నాడు. ఈ పగులేమిటి అంటే, కొత్త గోడ కదమ్మా, ఊపిరి పీల్చుకుంటోంది అన్నాడు.

ఆవిడ వెళ్ళి మామగారికి చెప్పింది. రాజుకి చిరాకేసింది. ఇంత మెరుస్తుంటే తప్పులు వెతుకుతావేంటమ్మా అని, ఎల్లుండే గవరయ్యకి సన్మానం, స్వర్ణకంకణం అని చాటింపు వేయించాడు. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. కంకణం ఎవరి చేతికి పోయినా ఆవిడకి బెంగ లేదు. రత్నాయమ్మ వదినా వదినా అని తన వెనకే తిరిగిన పిల్ల, రేపు ఆ తడకల కింద పసిగుడ్డుని పక్కలో వేసుకుని పడుకుంటుంది. అదీ ఆవిడ దిగులు.

ఆలోచించి, మర్నాడు నెమ్మదిగా వెళ్ళింది. మామగారూ, మా పుట్టింటి వైపు ఒక పద్ధతుంది, కట్టినవాణ్ణి భార్యతో సహా పిలిచి, ఆ గదిలోనే మూడు రోజులు విడిది ఇచ్చి, విందు పెట్టి, ఆ తరవాతే సన్మానం చేస్తారు అంది. విందు, విడిది అనేసరికి రాజుకి తెగ నచ్చేసింది.

గవరయ్యకి కబురు వెళ్ళింది. తనకి కడుపునొప్పి అన్నాడు. వైద్యుణ్ణి పంపారు. ఉపవాసం అన్నాడు. పళ్ళు పంపారు. మా ఆవిడకి మోకాళ్ళు అన్నాడు. ఈలోపు వాళ్ళావిడ పుల్లమ్మ, పెట్టె సర్దుకుని పల్లకీ ఎక్కేసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో నన్నెవరు రాణివాసానికి పిలిచారు, నువ్వు వస్తే రా, లేకపోతే మానెయ్ అంది. ఇంకేం చేస్తాడు, వెనకాలే వచ్చాడు.

ఆషాఢం కదా, మొదటి రోజే వాన. మధ్యాహ్నం బూరెలూ పులిహోరా తిని, పుల్లమ్మ మంచం మీద నడుం వాల్చబోయింది. గవరయ్య చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చేశాడు. రాజుగారు అతిథుల్ని పలకరిద్దామని, ఎన్నడూ లేంది కుర్చీ దిగి వచ్చేసరికి, మొగుడూ పెళ్ళాం అరుగు మీద ఒక్క తాటాకు గొడుగు కింద ముడుచుకు కూర్చున్నారు. సగం గవరయ్య తడుస్తున్నాడు, సగం పుల్లమ్మ తడుస్తోంది.

"లోపల అంత మంచి గది పెట్టుకుని ఇక్కడేంటయ్యా?" అన్నాడు రాజు.

"చల్లగాలి కోసం, ప్రభో," అన్నాడు గవరయ్య.

పుల్లమ్మకి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. "గాలీ లేదు ధూళీ లేదు బాబుగారూ. తడకలు పచ్చివి, వాన తగిలితే ఏ క్షణాన్నైనా దిగుతాయి, లోపల పడుకోకు అని ఈయనే లాక్కొచ్చాడు," అంది.

రాజు గవరయ్య వైపు చూశాడు. గవరయ్య నేల వైపు చూశాడు. లోపల్నించి పెళపెళమని చప్పుడు. తడకా, మెత్తిన ముద్దా, పుచ్చుదూలం ముక్కా కలిసి మంచం మీద పడ్డాయి. సరిగ్గా తలగడ దగ్గర.

భయమేస్తోందా? ఎవరికీ ఏం కాలేదమ్మా, మంచం ఖాళీయే కదా. ఊఁ కొట్టండి.

రాజు లోపలికి తొంగి చూశాడు. ఆ తలగడ మీద కూతురి తల కనబడిందట ఆయనకి. కాసేపటికి కోపం వచ్చి, వీడి తల తీయించేస్తాను అన్నాడు.

సుభద్రాయమ్మ గుమ్మంలో నిలబడి అంది: "ఇతను ఆ గది కోసం పని చెయ్యలేదు మామగారూ. మీ కుర్చీ కోసం చేశాడు. కుర్చీలోంచి కనబడినంత మేరా బాగానే చేశాడు."

చప్పుడు విని దివాణమంతా అప్పటికే అక్కడ చేరింది. మెచ్చుకున్న మంత్రి పైకప్పు వైపు చూశాడు, పురోహితుడు జంధ్యం సర్దుకున్నాడు, వంటవాడు పోపు మాడుతోందని పారిపోయాడు. రాజు మీసాలు కిందకి వాలాయి.

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు.

ఆవిడ చెప్పింది. రాజే స్వయంగా సోమాలు ఇంటికి వెళ్ళి, తప్పయింది, రమ్మని అడిగాడు. సోమాలు వచ్చాడు. అతని చేతి కింద సున్నం తొక్కడానికి గవరయ్యని పెట్టారు. పట్టు ఉత్తరీయం నడుముకి చుట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కాడు. పుల్లమ్మ రోజూ చద్దన్నం పట్టుకొచ్చి, పక్కన కూర్చుని, ఆ మూల సరిగ్గా తొక్కలేదు చూడు అని చెప్పేది. గది పూర్తయ్యేసరికి శ్రావణం వచ్చేసింది. గోడలు పెద్దగా మెరవలేదు. వాన కురిసినా లోపల బొట్టు పడలేదు. రత్నాయమ్మ అందులోనే ఆడపిల్లని కంది, తల్లీబిడ్డా హాయిగా నిద్రపోయారు.

గవరయ్య మారాడా అంటారా? పని నేర్చుకున్నాడు, అది నిజం. మనిషి మారాడో లేదో పుల్లమ్మకే తెలియాలి. రాజు మాత్రం మారాడు, మరీ ఎక్కువ మారాడు. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా చెప్పులు విప్పి, స్నానాలగదిలో చెంబుడు నీళ్ళు పోసి, ఎటు పోతున్నాయో వంగి చూసేవాడట. తలుపుల వెనక దూరేవాడట. చివరికి పక్క రాజులు ఆయనకి శుభలేఖలు పంపడం మానేశారు.

అంచేత నాన్నా, ఎవరైనా చేసిన పని బావుందో లేదో చెప్పాలంటే ముందు లేచి వెళ్ళండి. ముట్టుకోండి. తలుపు వెనక చూడండి. కూర్చున్న చోటి నుంచి మెచ్చుకోకండి.

ఇదిగో, కథ కంచి దారి పట్టింది. మీరింక నిద్ర దారి పట్టండి. నందూ, నిన్నే, ఊఁ కొట్టడం మానేశావే? ... పడుకున్నాడు.