అరచేతి కింది మలుపు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లు లేరు. నేను విన్నంతవరకే, ఏమీ కలపకుండా చెబుతాను.

మదనపల్లెలో మొహియుద్దీన్ సాబ్ అని ఒక పెద్దాయన ఉండేవారు. కారు ర్యాలీల్లో ఏడుసార్లు ఛాంపియన్. కానీ పోటీలో ఎన్నడూ స్టీరింగు పట్టలేదు. డ్రైవరు పక్కన కూర్చుని, పుస్తకంలో రాసుకున్నది చూసి, రాబోయే మలుపును ముందే గట్టిగా చదివే కో-డ్రైవరు ఆయన. కొండదారిలో ఆ వేగానికి మలుపు కనబడేదాకా ఆగే వ్యవధి డ్రైవరుకు ఉండదు. చెవిన పడ్డదాన్ని నమ్మి తిప్పేస్తాడు.

ఆయన శిష్యుడు ప్రద్యుమ్న కూడా కో-డ్రైవరుగానే వరసగా మూడేళ్లు ఛాంపియన్ అయ్యాడు. ఒక జనవరి ఉదయం మెడకు పట్టీతో గురువు ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం, తన నోట్సు పుస్తకం. సాబ్ వసారాలో కూర్చుని నానిన అనపగింజలను తొక్క ఊడేలా పితుకుతున్నారు.

"దయాకర్ ఎట్లుండాడు?" అని అడిగారు.

"తుంటి ఎముక నుజ్జయింది సార్. మళ్లీ నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు."

దయాకర్ అతని డ్రైవరు. నాలుగు రోజుల కిందట, పోటీ మధ్యలో, కల్వర్టు దాటాక ఉన్న మలుపులో వాళ్ల కారు లోయలోకి దొర్లింది.

"ఏం జరిగిందంట?"

"అన్నకు ఆ రోజే గుర్తులేదు. కారులో కెమెరా పగిలిపోయింది. 'నువ్వు చెప్పింది నేను వినలేదేమోరా' అని ఏడుస్తున్నాడు. విచారణవాళ్లు నన్ను రాసిమ్మన్నారు. నేను సరిగ్గానే చదివాను, అన్నే వేగం తగ్గించలేదు అని రాశాను. ఇది ఇస్తే అన్న లైసెన్సు శాశ్వతంగా పోతుంది. ఇయ్యాలా వద్దా సార్?"

"సరిగ్గానే చదివినావా?"

"ఆ దారి నాకు కొత్తా సార్? నాలుగేళ్ల నుంచి చదువుతున్నా. నిద్రలో లేపి అడిగినా చెబుతా. తోటివాళ్లు నన్ను టేప్‌రికార్డరు అని ఊరికే అంటారా?"

"అయితే ఇట్లా కూర్చో. చదువు, వింటా."

ప్రద్యుమ్న పక్కన కూర్చుని పుస్తకం ఒళ్లో తెరిచాడు. పోటీకి ముందు ఆ దారిలో రెండుసార్లు మెల్లగా వెళ్లడం వాళ్ల రివాజు. మొదటిసారి రాసుకోవడానికి, రెండోసారి దిద్దుకోవడానికి. ప్రతి మలుపుకూ ఒక అంకె. ఒకటి అంటే వెనక్కి తిరిగినంత మలుపు, ఆరు అంటే దాదాపు తిన్నటి దారి.

"కుడి ఐదు. ఎనభై మీటర్లు. ఎడమ మూడు, మిట్ట మీద. కుడి నాలుగు..."

గొంతు ఎక్కడా తొణకలేదు. ఒక పేజీ అయింది. రెండో పేజీ అయింది. మూడోది తిప్పగానే సాబ్ చెయ్యి తుండుగుడ్డకు తుడుచుకుని, అరచేతిని పేజీ మీద పరిచారు.

ప్రద్యుమ్న ఆగలేదు.

"...నలభై మీటర్లు. కల్వర్టు. ఎడమ నాలుగు. కుడి ఐదు. నూరు మీటర్లు. ఎడమ ఆరు..."

పేజీ తిప్పడానికి వేలు చాపినప్పుడు గురువు చెయ్యి తగిలింది. కిందికి చూశాడు. అక్షరాలు కనబడలేదు. ముడతలు పడ్డ చెయ్యి, గోళ్ల సందుల్లో పచ్చటి తొక్కలు.

"ఏమప్పా, టేప్‌రికార్డరు ఆగిపోయిందే?" అన్నారు సాబ్. నవ్వలేదు.

చెయ్యి తీశారు.

కల్వర్టు తర్వాత, మొదటిసారి నిరుటిలాగే రాసుకున్న 'ఎడమ నాలుగు' కొట్టేసి ఉంది. పక్కన పెన్సిలుతో 'ఎడమ రెండు. వానకు అంచు కోసుకుపోయింది' అని ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు దయాకర్ కారు ఆపి, దిగి, అంచుదాకా నడిచి చూసొచ్చి రాయించిన మాట అది. రాసింది ప్రద్యుమ్నే.

అతను ఆ పెన్సిలు రాత మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. సాబ్ మళ్లీ గింజలు అందుకున్నారు.

ప్రద్యుమ్న చాలా చిన్న గొంతుతో అన్నాడు. "అన్నకు ఇంక గుర్తు రాదంట సార్. ఎప్పటికీ రాదన్నారు డాక్టర్లు."

సాబ్ తలెత్తలేదు.

"అతనికి గుర్తున్నది ఒకటే. నువ్వు చెబితే నమ్మడం."

ప్రద్యుమ్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పుస్తకం తీసుకుని లేచాడు. ఆసుపత్రికి పోయే బస్సెక్కాడు. దారంతా పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంచుకున్నాడట.

దయాకర్ లైసెన్సు పోలేదు. దాన్ని వాడుకునేలా కాలు మాత్రం అతనికి మళ్లీ స్వాధీనంలోకి రాలేదు.

పిల్లలూ, మీ తర్వాతివాళ్లకు ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు జాలిపడి ప్రద్యుమ్న తప్పు తగ్గించకండి. కోపంతో పెంచనూ వద్దు.