పూత మీద బేరం

కొండకీ సముద్రానికీ మధ్య, మామిడి తోటలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యంలో నూకాలని ఒక ముసలామె ఉండేది. సంతకం రాదు, వేలిముద్రే. కానీ ఒకరిచేత మాట పడే మనిషి కాదు. ఏటా మాఘమాసంలో, చెట్లు పూత మీద ఉండగానే రాజుగారి తోట మొత్తం కొనేసేది. సొమ్ము ముందే కట్టేది. ఆపైన కాసినా రాలినా ఆమెదే.

ఆ ఏడు కట్టివచ్చిన మర్నాడే కొలువుకి రమ్మని కబురొచ్చింది.

మంత్రి సోమయాజి తాటాకు చదివాడు. "కాపలాకింత, కోతకింత, బండ్లకింత. ఇవి పోగా మిగిలేదానికి ఈమె చేసిన పనేమీ లేదు. పనిచెయ్యని రాబడి దొంగసొమ్ము. ఇకమీదట అది ఖజానాకి."

తనంత న్యాయం తెలిసినవాడు లేడని రాజు శూరసేనుడి నమ్మకం. "భేష్!" అన్నాడు మీసం దువ్వుతూ.

సొమ్ము మాట అలా ఉంచి, నిండు కొలువులో దొంగ అన్నాడే, అది గుచ్చుకుంది నూకాలుకి.

"సరే మారాజా. మిగిలేది మీదైతే బేరమూ మీదే. నేను కట్టింది నాకిచ్చెయ్యండి. ఈ ఏడు తోటమీద ఎంతొస్తుందో మంత్రిగారు రాసి ముద్ర వేస్తారు. తగ్గితే వారింట్లోంచి పూడుస్తారు. పెరిగితే వారే ఉంచుకుంటారు."

"అదెంత పని! ముప్పై ఏళ్ల లెక్కలున్నాయి నా దగ్గర." సోమయాజి గంటం అందుకున్నాడు.

"అవి గడిచినవి కదా బాబూ. నేనడిగేది రాబోయేది."

గంటం ఆకు మీద ఆగిపోయింది. "మబ్బుపట్టి పూత మాడితే?"

"మీరే చెప్పాలి."

"పిందెల మీద పెనుగాలి వస్తే?"

"అదీ మీరే చెప్పాలి."

"అన్నీ కాశాక కొనేవాళ్లు రాకపోతే?" సోమయాజి చెమట తుడుచుకుని రాజువైపు తిరిగాడు. "ప్రభూ, పిల్లలు గలవాణ్ని."

"పోనీ, మారాజులు వేస్తారా?" అంది నూకాలు.

రాజు ముద్రుంగరమున్న చెయ్యి ఉత్తరీయంలోకి పోయింది.

"మా ఆయన చనిపోయిన ఏడు పూతంతా మాడిపోయింది మారాజా. మళ్లీ మాఘానికి ఇదే కొలువులో ఈ వేలు ముద్ర వేసింది. వణుకుతూనే వేసింది. మంత్రిగారు పనేమీ లేదన్నది ఆ పనినే."

రాజు దాచుకున్న చేతిని తనే చూసుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. "మంత్రీ, నీ తాటాకులో రాయని కూలి ఇదన్నమాట!" ఆజ్ఞ రద్దుచేసి బంగారు కడియాలిప్పించాడు.

నూకాలు కదల్లేదు. "కడియాలు సరే మారాజా. ఆ మాటో?"

నిండు కొలువులోనే సోమయాజి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఏడు మొదలు ఏటా రాజుగారింటికి ఒక గంప పండ్లు వెళ్లేవి. మంత్రిగారింటికీ ఒక గంప వెళ్లేది, నిండా రాలిన పూతతో.