దివానుగారి ఊపిరి

రాజులు కత్తులు చేయించుకునే రోజుల్లో, వీరాచారి కొలిమిలో బూసమ్మ తిత్తి నొక్కేది. ఆ కూలే ఆమెకు కూడు.

ఒకనాడు దివానుగారు కత్తుల పని తనిఖీకి వచ్చి, తిత్తి గొట్టానికి తిత్తంత తోలుసంచి కట్టించి నొక్కించారు. సంచి పూర్తిగా నిండలేదు.

"దొంగ నొక్కుడు! దీన్ని పనిలోంచి తీసెయ్," అన్నారు వీరాచారితో.

బూసమ్మ చేతులు కట్టుకుని అంది:

"ఎంత నొక్కినా మడతల్లో కాస్త గాలి ఉండిపోతుంది బాబూ. తమరు ఊపిరంతా వదిలి చూడండి."

దివానుగారు మొహం కందగడ్డయ్యేదాకా వదిలి, మళ్ళీ పీల్చకుండానే, "ఇంక చుక్క లేదు!" అన్నారు.

"మరి ఈ మాట ఏ గాలితో అన్నారు బాబూ?"

దివానుగారికి నవ్వాగలేదు. "ఉండనీ దీన్ని," అని వెళ్ళిపోయారు.

"ఎంత మాటన్నావమ్మా!" అన్నాడు వీరాచారి.

బూసమ్మ కళ్ళొత్తుకుంది. "కరువులో పోయే ఊపిరిని మీరు పనిచ్చి నిలబెట్టారయ్యా. మాట దాన్లోంచే వచ్చింది."